ఇంటిపేరు సరే... ఎన్నో గట్టు?

పెళ్లి సంబంధం మాట్లాడటానికి ఎవరైనా వస్తే మనం ముందుగా ఏం అడుగుతాం? ఇంటిపేరేంటి, గోత్రమేంటి అని. అశ్వారావుపేట చుట్టుపక్కల కోయగూడేల్లో మాత్రం అసలు ప్రశ్న వేరే ఉంటుంది. 'మీది ఎన్నో గట్టు?'

మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు... కోయల వంశాలకు అంకెలే పేర్లు. ఒక్కో గట్టులో బోలెడు ఇంటిపేర్లు ఉంటాయి. అబ్బాయి ఇంటిపేరు ఒకటి, అమ్మాయి ఇంటిపేరు మరొకటి అయినా సరే, గట్టు ఒకటే అయితే వాళ్లు అన్నాచెల్లెళ్ల కిందే లెక్క. ఇక ఆ పెళ్లి మాట ఎత్తకూడదు. అంటే ఇంటిపేరు తెలిస్తే చాలదు, అది ఏ గట్టు కిందికి వస్తుందో తెలియాలి. మరి ఇన్ని ఇంటిపేర్ల లెక్క ఏ పుస్తకంలో రాసి ఉంది? ఏ పుస్తకంలోనూ లేదు. తరతరాలుగా అది డోలీల నోట్లో ఉంది.

గుడ్డ మీద చరిత్ర

కోయల్లోనే ఒక శాఖ డోలీలు. డోలు వాయిస్తూ గట్ల పుట్టుక, వేల్పుల కథలు, వంశాల వివరాలు పాడి చెప్పడం వాళ్ల వృత్తి. వేల్పుల కొలుపు జరిగినా, ఇంట్లో పెద్దవాళ్లు పోయి దినాలు చేసినా డోలీ రావాల్సిందే. వాళ్లు పాడుతుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని తమ తాతముత్తాతల కథ వింటారు. ఒకరకంగా ఆ కుటుంబానికి రికార్డు రూమూ, వంశవృక్షమూ ఆయనే!

డోలీ చెప్పేదానికి సాక్ష్యం కూడా ఉంది. అదే పడిగె. మూడు కోణాల పొడవాటి జెండా లాంటి గుడ్డ అది. దాని మీద ఆ గట్టుకు సంబంధించిన వేల్పులు, వీరులు, జంతువుల బొమ్మలు ఉంటాయి. బయటివాళ్లకు అవి ఉత్త బొమ్మలే. డోలీకి మాత్రం ఒక్కో బొమ్మా ఒక్కో అధ్యాయం. అందుకే పడిగె ఉండి డోలీ లేకపోయినా, డోలీ ఉండి పడిగె లేకపోయినా కథ సగమే.

రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరకు లక్షలమంది వెళ్తారు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును అక్కడికి తీసుకొచ్చేది పెనక వంశీయులు. ఏ వేల్పును ఏ ఇంటివాళ్లు కొలవాలన్నది ఈనాటికీ వంశాన్ని బట్టే నడుస్తోంది. అంతపెద్ద జాతర వెనకా ఉన్నది ఈ కుటుంబాల జ్ఞాపకమే.

గీతలు మారినా...

అశ్వారావుపేట నిజాం రాజ్యంలో ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో భాగం. 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి, 2014లో తెలంగాణలోకి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. పక్కనే ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2022 నుంచి అవి ఏలూరు జిల్లాలో ఉన్నాయి. మేనమామ ఊరు ఒక రాష్ట్రం, మేనల్లుడి ఊరు ఇంకో రాష్ట్రం! ఇన్నిసార్లు చిరునామా మారినా మారనిది ఒక్కటే. గట్టు.

అయితే గీత మారడం వేరు, ఊరే లేచిపోవడం వేరు. ముంపు గ్రామాల కుటుంబాలు పునరావాస కాలనీలకు వెళ్లాల్సి వస్తోంది. ఇల్లు కొత్తచోట కట్టుకోవచ్చు. పరిహారం లెక్కల్లో భూమికీ చెట్టుకీ ధర ఉంటుంది. వేల్పు ఉన్న కొండకు, ఏడాదికోసారి వచ్చి వంశం చెప్పే మనిషికి ధర కట్టేదెవరు? కొలుపు చేసే చోటు పోతే డోలీకి పిలుపు పోతుంది. పిలుపు లేని పాటను కొడుకు ఎందుకు నేర్చుకుంటాడు?

ఒక పద్మశ్రీ

మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను, కోయల వంశ చరిత్రలను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడగలిగిన మనిషి ఆయన. అప్పటిదాకా చాలామందికి ఇలాంటి కళ ఒకటుందనే తెలియదు. రెండేళ్లు గడిచాయో లేదో, 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. అయితే ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం గూడేలు తిరిగి పడిగెలను పరిశీలించి, డోలీలు చెప్పిన కథలను సేకరించింది. అలా రికార్డుకెక్కినంత మేరకైనా మిగిలింది. మిగతాది ఇప్పుడు పాడుతున్న కొద్దిమంది గొంతుల్లోనే ఉంది.

అందరికీ ఉన్నారు

వంశం చెప్పేవాళ్లు కోయలకే కాదు, తెలుగునేల మీద చాలామందికి ఉన్నారు. గొల్లల గోత్రాలు చెప్పే వంశరాజులు, పద్మశాలీల కథ చెప్పే కూనపులివాళ్లు, జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, ఆదిలాబాద్ రాజ్‌గోండుల చరిత్ర పాడే పర్ధానులు... హరిద్వార్‌లో పండాల దగ్గరున్న పాత చిట్టాల్లో యాత్రకు వచ్చిన కుటుంబాల పేర్లు తరాల వరసలో ఉంటాయి. వాటి విలువ గుర్తించి మైక్రోఫిల్ములు తీసింది ఎవరనుకున్నారు? అమెరికాలోని యూటా వంశావళి సంఘం. 1894లో పుట్టిన ఆ సంఘం ప్రపంచం నలుమూలలా కుటుంబ రికార్డులను భద్రపరుస్తూ వచ్చింది.

కాగితం మీద ఉన్నదాన్ని ఫొటో తీయొచ్చు. కానీ పాటను, పాడే మనిషి ఉండగానే రికార్డు చేయాలి. అందుకు పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. డోలీ కొలుపుకొచ్చినప్పుడు గూడెంలోని చదువుకున్న కుర్రాళ్లు సెల్‌ఫోన్‌లో ఆయన గొంతు పట్టుకుని, ఒక్కో ఇంటిపేరు పక్కన గట్టు అంకె రాసిపెట్టుకున్నా చాలు. ఆయనకిచ్చే ధాన్యం, దక్షిణ తగ్గకుండా చూసుకుంటే మరీ మంచిది. కళ బతకాలంటే కళాకారుడు బతకాలిగా!

ఇక పట్నంలో ఉన్న మన సంగతి... తాతగారి పేరు చెబుతాం. ఆయన తండ్రి పేరు అడిగితే చాలామందిమి తడుముకుంటాం. ఏ బడికీ వెళ్లని డోలీ మాత్రం డోలు మీద చెయ్యి పడగానే ఆ వంశం పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెడతాడు. ఈ ఆదివారం ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఒక నోటుపుస్తకం తీసుకుని పక్కన కూర్చోండి. మనకు డోలీ ఆవిడే.