ఆటల్లో వయసు లెక్క



ఖో-ఖో జట్టులో నా పేరు ఎందుకు లేదని చాలామంది అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

బడి పోటీల్లో 14, 17, 19 ఏళ్ళలోపు అని వేరువేరు జట్లు ఉంటాయి. డిసెంబరు 31 నాటికి ఎన్నేళ్ళో చూస్తారు. ఈ రూలు మంచిదే. పదిహేడేళ్ళ అక్క, పన్నెండేళ్ళ చెల్లి పోటీపడితే అది ఆట ఎలా అవుతుంది?

కాని నేను ఇంట్లో పుట్టాను. సంక్రాంతి వెళ్ళాక, వలిసెలు నూర్చేటప్పుడు పుట్టానని అమ్మ చెబుతుంది. బడిలో వేసినప్పుడు తేదీ తెలీక దానికి ముందు జూన్ 1 అని రాసేశారు. కాగితం మీద ఏడు నెలలు పెద్దదాన్నయిపోయాను. అమ్మ లెక్కలో నాకింకా 13, రికార్డులో 14. అందుకే పేరు తీసేశారు.

వయసు మోసాలు ఆపడానికి కేంద్ర ప్రభుత్వం 2010లో ఒక నియమావళి తెచ్చింది. అనుమానమొస్తే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల చూస్తారు. అదీ అంచనాయే. ఏడు నెలల తేడా అందులో తేలదు.

మరి ఏం చెయ్యాలి? బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు పుట్టుక నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బడిలో చేరడానికి కూడా జనన ధ్రువీకరణ పత్రమే రుజువు.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు పసిబిడ్డలున్న ప్రతి ఇంట్లో అడుగుదాం, “పత్రం తీసుకున్నారా?” అని.

నేను ఈసారి 17 లోపు జట్టుకి పరుగెడతాను. అక్కలూ, కాస్త చూసి పట్టుకోండి!