ఇద్దరు తల్లులు, ఒకే ప్రశ్న

2017 ఏప్రిల్ 2, ఆదివారం. రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు నుంచి ఒక యువకుడు విడుదలయ్యాడు. అరెస్టయిన నాటి నుంచి లెక్కవేస్తే ఎనిమిదిన్నరేళ్లు దాటింది. రెండు రోజుల ముందు, మార్చి 31న, హైదరాబాద్ హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చింది.

ఆ కేసు తెలియని తెలుగువాళ్లు తక్కువ. 2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయిని ఎవరో చెరిచి చంపేశారు. రాష్ట్రం ఉడికిపోయింది. దోషిని పట్టుకోమని రోజూ ధర్నాలే. ఎనిమిది నెలలకు, 2008 ఆగస్టులో, నందిగామ వైపు ఊరి నుంచి ఒక పేదింటి కుర్రాణ్ని తెచ్చి వీడే అన్నారు పోలీసులు. జైల్లో ఉండగా నరాల జబ్బు అతన్ని కుంగదీసింది. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది.

ఈ కేసు గురించి ఎప్పుడు ఆలోచించినా నా మనసు ఒకచోట ఆగిపోతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లే మొదటి నుంచీ ‘ఈ అబ్బాయి చేయలేదు, అసలు దోషులు వేరే ఉన్నారు’ అంటూ వచ్చింది. కోర్టు హాల్లో ఎదురెదురుగా కూర్చోవలసిన రెండు కుటుంబాలు ఒకే ప్రశ్న పట్టుకుని నిలబడ్డాయి. ‘అసలు చేసిందెవరు?’ ఆ ప్రశ్న వేసినందుకు ఇద్దరు తల్లులకూ దొరికింది వాయిదాలే.

ఒక మనిషిని పోలీసులు తీసుకెళ్లిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. పొయ్యి వెలగదు. ఎవరో ఒకరు స్టేషన్‌కు పరుగెత్తుతారు. ‘ఇక్కడ లేడు’ అంటారు. ఇంకో స్టేషన్‌కు వెళ్తే ‘ఎస్సైగారు వచ్చాక రండి’ అంటారు. బయట బల్ల మీద కూర్చున్న ఆ ఇంటిమనిషికి చట్టం ఏమేం ఇచ్చిందో చెప్పేవాళ్లు ఉండరు. నిజానికి చాలానే ఇచ్చింది. అరెస్టు చేసినవాళ్లు అక్కడికక్కడే మెమో రాయాలి. దాని మీద ఇంటివాళ్లతోనో, ఆ ప్రాంతంలోని ఒక పెద్దమనిషితోనో సంతకం చేయించాలి. ఎక్కడ ఉంచారో బంధువుకు తెలియజేయాలి. ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఈ చివరిది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. మిగతావి డి.కె. బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక చట్టంలోకి ఎక్కాయి, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉన్నాయి. అంటే అరెస్టు జరిగే చోట కుటుంబానికి ఒక స్థానం ఉందని చట్టం ఒప్పుకుంది. ఆచరణలో ఆ స్థానం స్టేషన్ బయట వేపచెట్టు కింద.

తర్వాత మొదలయ్యేది తిరగడం. ‘కోర్టుల చుట్టూ తిరుగుతున్నాం’ అనే మాట మనకు నానుడిలా అనిపిస్తుంది కానీ, ఆ ఇంటివాళ్లకు అది బస్సు టికెట్లు, పోయిన కూలి, ప్లీడరు ఫీజు, గుమస్తా చేతి ఖర్చు. వాయిదా రోజున తెల్లవారుజామునే బయల్దేరి కోర్టుకు చేరితే, ఎస్కార్ట్ లేదని ఖైదీని తీసుకురారు. జడ్జిగారు సెలవు అంటారు. తేదీ మారుతుంది. ములాఖత్‌కు వెళ్తే ఆధార్ కార్డు, వరుస, జాలీ, అవతల అరుపుల మధ్య కొద్ది నిమిషాలు. నందిగామ నుంచి రాజమహేంద్రవరం సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఆ కొద్ది నిమిషాల కోసం రానూపోనూ నాలుగు వందలు.

పోలీసులు గడువులోగా చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. నేరాన్ని బట్టి ఆ గడువు అరవై రోజులు లేదా తొంభై రోజులు. ఈ లెక్క తెలిసి రోజులు లెక్కపెట్టుకునే కుటుంబాలెన్ని? గడువు దాటాక బెయిలు అడిగేలోపే చార్జిషీటు వచ్చి పడితే ఆ హక్కు చేజారుతుంది. తొంభై రెండో రోజున ప్లీడరుగారు ఊళ్లో లేకపోతే అంతే.

బెయిలు దొరికిందనుకున్నా ఇల్లు చేరినట్టు కాదు. జామీను కావాలి. ఇద్దరు మనుషులు, వాళ్ల పేర ఆస్తి, పట్టాదారు పాసుపుస్తకమో ఇంటిపన్ను రసీదో, దాని మీద రెవెన్యూ ఆఫీసు ముద్ర. కూలికి పోయే ఇంటివాళ్ల చుట్టాలంతా కూలివాళ్లే. భూమి ఉన్న ఆసామి గడప ఎక్కి, ‘మావాడు పారిపోడండీ’ అని చేతులు కట్టుకుని చెప్పుకోవాలి. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో సుప్రీంకోర్టు చూసింది ఇదే. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేట్ పదివేల రూపాయలకు జామీను అడిగాడు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీరును కడిగేసి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టమన్నారు. దాదాపు యాభై ఏళ్లయింది. ఇప్పటికీ మన జైళ్లలో బెయిలు వచ్చి కూడా జామీను దొరక్క ఉండిపోయినవాళ్లు ఉన్నారు. 2022 చివరికి దేశంలో ఖైదీలు 5,73,220 మంది అయితే, వాళ్లలో 4,34,302 మంది ఇంకా విచారణలో ఉన్నవాళ్లే. నలుగురిలో ముగ్గురు. ఆ ప్రతి ఒక్కరి వెనకా ఒక ఇల్లు ఉంది, ఆ ఇంటిని లెక్కపెట్టే పట్టిక మాత్రం లేదు.

కాగితం చేరడానికి కూడా రోజులు పడతాయి. 2021 జులైలో సుప్రీంకోర్టు బెయిలిచ్చిన పదమూడు మందిని, ఉత్తర్వు ప్రతి అందలేదని ఆగ్రా జైలు వదలలేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నొచ్చుకున్నారు. ఇంత సాంకేతికత వచ్చాక కూడా పావురాల కోసం ఆకాశం వైపు చూడాలా అన్న అర్థంలో ఆయన అన్న మాట అప్పట్లో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఆ తర్వాతి ఏడాదే సుప్రీంకోర్టు నుంచి జైళ్లకు ఉత్తర్వులు నేరుగా పంపే ఎలక్ట్రానిక్ ఏర్పాటు మొదలైంది. ఆయన పుట్టిన పొన్నవరం నందిగామ ప్రాంతంలోనిదే. ఆ నేలకే చెందిన ఒక తల్లి తన కొడుకు కోసం అంతకుముందు ఎనిమిదిన్నరేళ్లు చూసింది.

ఇక నిర్దోషి అని తేలాక? ఇక్కడే నాకు కోపం ఆగదు. ఇబ్రహీంపట్నం కేసులో హైకోర్టు దర్యాప్తు తీరును తప్పుబట్టి, ఆ యువకుడికి లక్ష రూపాయలు ఇవ్వమంది. వయసులో ఉన్నవాడికి ఎనిమిదిన్నరేళ్లు పోయాయి, ఆ ఏళ్లలో ఇల్లు గడవడానికి తల్లి పడ్డ పాట్లకు బిల్లు ఎవరికి పెట్టాలి? అకారణంగా అరెస్టయినవాడికి మేజిస్ట్రేట్ ఇప్పించగల పరిహారం మన చట్టంలో ఎంతో తెలుసా? వెయ్యి రూపాయలకు మించకూడదు. అదీ ప్రభుత్వం ఇవ్వదు, అరెస్టుకు కారకుడైన మనిషి ఇవ్వాలి. 2023లో చట్టం పేరు మార్చి కొత్తగా రాసినప్పుడు కూడా ఆ వెయ్యి వెయ్యిగానే ఉండిపోయింది. 1983లో బిహార్‌కు చెందిన రుదుల్ సాహ్ అనే మనిషికి సుప్రీంకోర్టు 35 వేలు ఇప్పించింది. నిర్దోషిగా తేలాక కూడా పద్నాలుగేళ్లు జైల్లోనే మగ్గినవాడతను. అప్పటి నుంచి పరిహారం ఏ కోర్టు మనసు కరిగితే అంత. తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు పరిహారం హక్కుగా అందేలా ఒక చట్టం తేవాలని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో సూచించింది. ఆ చట్టం రాలేదు.

అదే 2018 నవంబరులో హైకోర్టు ఆ ఇబ్రహీంపట్నం హత్య కేసును సీబీఐకి అప్పగించింది. మొదటి నుంచి మళ్లీ మొదలు. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి సమాధిని తవ్వి, మిగిలిన ఎముకలకు మరోసారి పరీక్ష చేశారు. అప్పటికి ఆమె పోయి పన్నెండేళ్లు. జైలు నుంచి వచ్చిన కొడుకుతో ఒక తల్లి ఊళ్లో ఉంది. ఇంకో తల్లి, మట్టిలో పడుకోబెట్టుకున్న కూతుర్ని మళ్లీ బయటికి తీస్తారంటే, నిజం తెలుస్తుందంటే తీయండి అని ఒప్పుకుంది.