తాటాకు ప్రతులు – పరిశోధకుని ధర్మము

తాళపత్ర గ్రంథము చేతికి వచ్చినంతమాత్రమున చదువ శక్యము కాదు. గంటముతో గీసిన అక్షరములు మసి పూసినగాని స్పష్టముగా కానరావు; పదముల నడుమ ఎడము లేదు; పురుగు తొలిచిన చోట అర్థమే తెగిపోవును. కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పాఠములను పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ప్రకటించెను. ఆయన సేకరించిన ప్రతులు పెక్కు నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నున్నవి.

పలు ప్రతులు ఏల? ఒక వ్రాయసకాడు పొరపడును. వేరొకడు దిద్దబోయి చెరుచును. నచ్చిన పాఠమును గ్రహించుట సులభము. విడిచిన పాఠమును సైతము అడుగున చూపుట ధర్మము. ఏలయన, ఆ ఆకు రేపు పొడియైపోవచ్చును. అప్పుడు కవి మాటకు మిగులు సాక్ష్యము పరిశోధకుని వ్రాత యొక్కటియే.