కొత్త ల్యాప్‌టాప్ మందముగా నడచుట – కారణము కనుగొను విధము

2022 జూను 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించుటకు సమ్మతించినది మొదలు, మన సంఘముల చిట్టాలును ఆవర్జాలును యంత్రములోనికి ఎక్కుచున్నవి. సభ్యుల యిండ్లలోను పిల్లల చదువుల నిమిత్తము ల్యాప్‌టాపులు వచ్చినవి. అందువలన మాకొక క్రొత్త పని తగిలినది. చేనిలో తెగులు చూడుమని పిలిచినవారే, “ఏమండీ, మొన్న కొన్న ల్యాప్‌టాపు ఎద్దుబండికన్న నెమ్మదిగా నడుస్తోంది, కాస్త చూసి వెళ్లండి” అని అడుగుచున్నారు.

నలుబది వేలో ఏబది వేలో పోసి కొన్న వస్తువు. పెక్కుమందికి ఒక యెకరము దాళ్వాలో మిగులునది అంతకంటె తక్కువయే. అట్టి వస్తువు మొదటి వారముననే మొండికేసినచో గుండె గుభేలుమనుట సహజము. కాని తొందరపడరాదు. వరి యాకు పసుపుబారగానే యూరియా బస్తా విప్పువారిని మేము నిత్యము చూచుచునే యున్నాము. అది జింకు లోపమైనచో యూరియా యేమి చేయును? డబ్బు పోవును, పైరు కోలుకొనదు. యంత్రము సంగతియు నిట్టిదే. మొదట కారణము తెలియవలెను.

కొని యెన్ని దినములైనదని మేము ముందుగా అడుగుదుము. క్రొత్త యంత్రము మొదటి రెండు మూడు దినములు మనకు తెలియకుండ తన పని తాను చేసికొనుచుండును. కర్మాగారమునుండి బయలుదేరిన పిమ్మట వెలువడిన సవరణలను, అనగా అప్‌డేట్లను, తెచ్చుకొనుట, లోపలి దస్త్రములకు సూచిక వ్రాసికొనుట మొదలగునవి. మండపేట ప్రాంతమున ఒక సభ్యుడు కుమార్తె డిగ్రీ చదువునకై కొన్న ల్యాప్‌టాపును పదునైదవ దినమున అమ్మివేయ నిశ్చయించెను. విచారింపగా, అతడు రాత్రి యెనిమిది కొట్టగానే కరెంటు ఖర్చగునని దానిని ఆర్పివేయుచుండెను. సవరణ సగములో ఆగిపోవును. మరునాడు మరల మొదలగును. పైగా సెల్‌ఫోను డేటాతో నడుపుచుండుటచే మధ్యాహ్నమునకే ఆ దినపు వాటా ముగియుచుండెను. పొరుగింటి బ్రాడ్‌బ్యాండునకు తగిలించి, ఛార్జరు పెట్టి, మూత తెరచియుంచి ఒక రాత్రి వదలివేయుమని చెప్పితిమి. తెల్లవారిన పిమ్మట ఒకసారి రీస్టార్టు చేయించితిమి. అమ్మకము మాట మరి రాలేదు.

వారము గడచినను మార్పు లేనిచో లోపల చూడవలెను. విండోసు యంత్రములలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కమారు నొక్కినచో టాస్క్ మేనేజర్ అను పట్టిక తెరచుకొనును. ప్రాసెసరు, మెమొరీ, డిస్కు – వీనిలో నేది నూటికి ఎంత పనిలో నున్నదో అందు కనబడును. మీరేమియు చేయక ఊరకుండగా ఏ గడిలో తొంబది దాటిన అంకె నిలిచి యుండునో, చిక్కు అచ్చటనే యున్నదని గ్రహింపుడు.

మెమొరీ గడి నిండియుండుట మేము తరచుగా చూచినది. ఇచ్చట కొనుగోలుదారులు మోసపోవుచున్నారు. “అయిదువందల పన్నెండు ఉందండి” అని కొట్టువాడు చెప్పగానే చాలునని తలతురు. అది సరకు దాచు గాదె. మెమొరీ యనునది కళ్లము. గాదె యెంత పెద్దదైనను కళ్లము ఇరుకైనచో నూర్పు సాగదు. పనలు బయట పేరుకొనును. 2021 అక్టోబరులో వెలువడిన విండోసు 11 నకు 4 జీబీ మెమొరీ కనీసపు కొలత. కనీసమనగా యంత్రము లేచి నిలబడును గాని పరుగెత్తు నని కాదు. మా యభిప్రాయమున 8 జీబీకి తక్కువది కొనరాదు, పదియారైన మరియు మేలు. కొన్నింటిలో పిమ్మట మెమొరీ చేర్చుకొనవచ్చును, కొన్నింటిలో పలకకే అతికించి యుండును, చేర్చ వీలులేదు. ఈ యొక్క ప్రశ్న కొనకముందే అడుగవలెను.

డిస్కు గడి నిండియుండి, పెర్‌ఫార్మెన్స్ పుటలో దాని పేరున హెచ్.డి.డి. అని యున్నచో, లోపల గ్రామఫోను పలకవంటి చక్రము తిరుగుచున్నదని యర్థము. ఎస్.ఎస్.డి.లో తిరుగునది లేదు. కావున అది మిక్కిలి వేగవంతము. పాతరకపు చక్రమును తీసి ఎస్.ఎస్.డి. వేయించిన యంత్రము క్రొత్త జన్మమెత్తినట్లుండును. గ్యారంటీ చెడకుండ కంపెనీవారి సర్వీసు కేంద్రముననే వేయింపవలెను.

ఇక ఆ పట్టికలోనే స్టార్టప్ అను పుట కలదు. యంత్రము లేచునపుడే తామును లేచు ప్రోగ్రాములు అందుండును. అమ్మువారు ఉచితముగా చేర్చిపెట్టిన ఆటలు, నెలనాటి వైరసు నివారిణులు పిలువని పేరంటములు. అక్కరలేనివానిని ఆపుడు. వైరసు నివారిణులు రెండుండుట మందు మీద మందు కొట్టుటయే. విండోసుతో వచ్చు డిఫెండర్ ఇంటి పనికి చాలును.

ఎండ సంగతి మరువరాదు. వేసవిలో రాజమహేంద్రవరమున నలుబది డిగ్రీలు దాటును. ప్రాసెసరు వేడెక్కినచో తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. పరుపుమీదను బొంతమీదను పెట్టినచో గాలి రంధ్రములు మూసికొనిపోవును. రైసుమిల్లు దగ్గరి యిండ్లలో తవుడు దుమ్ము అందు చేరును. చెక్క బల్లమీద పెట్టుడు. బ్యాటరీ పొదుపు అమరిక తీసివేసి చూడుడు. వేరొక ల్యాప్‌టాపు ఛార్జరు తక్కువ వాట్లదైనచో కొన్ని యంత్రములు నెమ్మదించును.

సంఘ కార్యాలయములలో మరియొక పొరపాటు జరుగుచున్నది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది; నేటికిని కాలువ తలయందు నీరు నిండుగా నుండగా శివారు చేలకు అందకపోవుట కలదు. అప్పుడు చేనిని నిందింతుమా? ఋణపు ఖాతా తెరచుకొనుట ఆలస్యమైనపుడు కార్యదర్శి యంత్రమును తిట్టుటకు ముందు, ఇంటర్నెట్టు తీసివేసి, యంత్రములోనే యున్న యొక లెక్కల పట్టికను తెరచి చూడవలెను. అది చురుకుగా తెరచుకొనినచో లోపము లైనులోనో, దూరపు సర్వరులోనో కలదు. అట్టిచోట క్రొత్త ల్యాప్‌టాపు కొనుటకు సంఘపు సొమ్ము వెచ్చించుట వ్యర్థము.

“మీ కంప్యూటరు నెమ్మదిగా నున్నది, మేము బాగుచేసెదము” అని తమంత తాము ఫోను చేయువారిని నమ్మకుడు. వారు చెప్పిన ప్రోగ్రాము వేసికొన్నచో యంత్రము వారి చేతిలోనికి పోవును, బ్యాంకు ఖాతా దాని వెంట పోవును. సొమ్ము పోయినచో తక్షణమే 1930 నంబరునకు తెలుపవలెను.

పైవన్నియు పరీక్షించినను ఫలము లేనిచో యంత్రమునందే దోషముండవచ్చును. మార్చి యిచ్చు గడువు కొద్ది దినములే గనుక బిల్లుమీద చూచుకొని, దాటకముందే వ్రాతమూలముగా ఫిర్యాదిచ్చి రసీదు పుచ్చుకొనుడు. అమ్మినవారు వినకున్నచో 1915 నంబరున జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమున్నది. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 నాటి చట్టము ప్రకారము, వస్తువు ఎచ్చట కొన్నను, మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. అయిదు లక్షల రూపాయలలోపు వస్తువునకు రుసుము లేదు. తగవు పుట్టిన రెండేండ్లలోపల వేయవలెను. బిల్లు, గ్యారంటీ కాగితము జతపరుపవలెను.