రెండు శిబిరాల గురువు

భారత ఫుట్‌బాల్‌లో ఆటగాడిగా ఎంత పేరు పొందారో శిక్షకుడిగానూ అంత పేరు గడించినవారు అరుదు కాగా, ఆ కొద్దిమందిలో ముందుగా చెప్పుకోవలసినవాడు 1936లో జల్పాయిగురిలో పుట్టి, అభిమానుల నోట ‘పీకే’గా స్థిరపడిన ప్రదీప్ కుమార్ బెనర్జీ. ఆయన ఆదరణకు గోల్స్, కప్పులతోపాటు మరో కారణం ఉంది. కోల్‌కతా క్రీడాభిమానాన్ని రెండుగా చీల్చిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌లలో దేనికీ ఆయన ఆటగాడిగా ఆడలేదు. ఆ చీలిక వంటింటిదాకా పాకింది: తూర్పు బెంగాల్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప (మన గోదావరి జిల్లాలవారి పులస) వండుకుంటే, మోహన్ బగాన్ గెలిచినప్పుడు స్థానికుల ఇళ్లలో రొయ్యల కూర ఉడుకుతుంది. పీకే మాత్రం ఈస్టర్న్ రైల్వే జట్టులోనే ఉండిపోయాడు; 1958లో ఆ జట్టు కలకత్తా లీగ్ గెలిచాక, మహమ్మడన్ స్పోర్టింగ్ సహా మూడు పెద్ద క్లబ్బులకు వెలుపలి జట్టు మళ్లీ గెలవడానికి 2019 దాకా పట్టింది.

జాతీయ జట్టులో ఆయన రైట్ వింగర్, అంటే కుడి అంచు వెంట బంతిని తీసుకెళ్లి గోలు ముందరికి అందించే దాడి ఆటగాడు. హైదరాబాదీ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన ఆ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1960 రోమ్‌లో కెప్టెన్‌గా ఉన్న పీకే, ఫ్రాన్స్‌తో 1-1గా ముగిసిన పోటీలో మన ఏకైక గోలు చేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1 విజయానికి తొలి గోలు కూడా ఆయనదే. చునీ గోస్వామి, సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం, పీకే కలిసిన త్రయాన్ని పాతతరం అభిమానులు ఇప్పటికీ ఒక్క ఊపిరిలో తలుచుకుంటారు.

1972లో ఈస్ట్ బెంగాల్ శిక్షణ చేపట్టాక ఆయన ఆయుధంగా పేరుపడింది ‘వోకల్ టానిక్’, అంటే ఆటకు ముందూ విరామంలోనూ డ్రెస్సింగ్ రూమ్‌లో ఆటగాళ్ల పౌరుషాన్ని రగిల్చే ప్రసంగం. పేరు ఆకర్షణీయమే గానీ, రహీమ్ శిష్యరికంలో అబ్బిన వ్యూహజ్ఞానాన్ని అది మరుగుపరిచి, పీకేను వట్టి మాటకారిగా మిగిల్చిందనిపిస్తుంది. 1975 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌పై సాధించిన 5-0 విజయాన్ని ఉపన్యాసం ఒక్కటే తెచ్చిపెట్టదు.

మాటకూ వ్యూహానికీ బహిరంగ పరీక్ష 1997 జులై 13న, ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో జరిగింది. మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్తా, మధ్యశ్రేణి ఆటగాళ్లను వజ్రాకృతిలో నిలిపే ‘డైమండ్’ పద్ధతితో వరుస విజయాలు సాధిస్తూ, ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్ ఆటగాడు ఒమోలోను ‘ఆమ్లెట్’ అనీ, సోసోను బెంగాలీలో కీరదోస అనే అర్థం వచ్చేలా ‘శోశా’ అనీ పత్రికలవారి ముందు ఎగతాళి చేశాడు. అప్పుడు ఈస్ట్ బెంగాల్ శిక్షకుడిగా ఉన్న పీకే ఆ వెక్కిరింతలకు ఎదురు వెక్కిరింతలు వెతుక్కోనక్కర లేకపోయింది. సాల్ట్‌లేక్ స్టేడియంలో 1,31,000 మందికి పైగా చూస్తుండగా బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఆ రోజు ఓడిన మోహన్ బగాన్‌కు, 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌ను 2-2తో నిలువరించిన ఏడాదే, ఐఎఫ్ఏ షీల్డ్, రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ మూడూ గెలిపించి పెట్టిన శిక్షకుడు కూడా పీకేయే.