2కే మానిటర్ కొన్నా 1080 దగ్గరే ఆగిపోతోందా? గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఇవి చూడండి

ఈరోజు ఎపిసోడ్ రిజల్యూషన్ గురించి. కొత్త మానిటర్ కొన్నారు, పెట్టె మీద 2560×1440 అని రాసుంది. ఇంటికి తెచ్చి మీ పాత సిస్టమ్‌కి తగిలించారు. సెట్టింగ్స్‌లో చూస్తే లిస్టు 1920×1080 దగ్గరే ఆగిపోయింది. షాపుకి ఫోన్ చేస్తే వచ్చే సమాధానం మనందరికీ తెలిసిందే: "మీది ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కదండి, అంతే వస్తుంది. కార్డు వేయించుకోండి."

ఆ మాట ఒక్కోసారి నిజమే. కానీ చాలాసార్లు కాదు. కార్డు అంటే వేలల్లో ఖర్చు. లోపం కేబుల్‌లో ఉంటే వందల్లో పోతుంది. డ్రైవర్‌లో ఉంటే రూపాయి కూడా అక్కర్లేదు. అందుకే ఈరోజు ఒక్కటే పని పెట్టుకుందాం: జేబులో చెయ్యి పెట్టేముందు లోపం ఎక్కడుందో మనమే తేల్చుకోవడం.

మన రాజమండ్రి, భీమవరం, అమలాపురం వైపు ఈ సమస్య ఎందుకు ఎక్కువంటే, మనం వాడే డెస్క్‌టాప్‌లలో చాలావరకు సెకండ్ హ్యాండ్‌వే. ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ సిస్టమ్‌లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల తక్కువలో దొరుకుతాయి. గట్టి మెషిన్లే, తప్పు పట్టడానికి లేదు. వాటిని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు, రొయ్యల చెరువుల లెక్కలు రాసేవాళ్లు, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు కొనుక్కుంటారు. ఆల్బమ్ చేసేవాళ్ల సంగతే చూడండి. 2కే మానిటర్ మీద 1080 నడిపితే బొమ్మ సాగదీసినట్టు మసకగా ఉంటుంది. ఫోటో షార్ప్‌గా ఉందో లేదో స్క్రీన్ మీద తేలకపోతే ప్రింట్ వచ్చాక తేలుతుంది. అప్పుడు రీప్రింట్ ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

ముందు ఒక విషయం అర్థం చేసుకుందాం. ధవళేశ్వరం దగ్గర కాలువకి ఎంత నీరు వదిలినా, మీ పొలానికి వచ్చేది మధ్యలో ఉన్న తూము పట్టినంతే కదా. ఇక్కడా అంతే. డ్రైవర్, పోర్ట్, కేబుల్, మానిటర్ అని నాలుగు తూములున్నాయి. వీటిలో ఏది ఇరుకైతే అదే మీ రిజల్యూషన్. మిగతా మూడూ ఎంత మంచివైనా ఉపయోగం లేదు.

మరి ఏది ఇరుకో ఎలా తెలుస్తుంది? మీ సిస్టమ్ ఏ అంకె దగ్గర ఆగిపోయిందో చూడండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

1024×768 దగ్గర ఆగితే

ఇది గ్రాఫిక్స్ బలం చాలక వచ్చేది కాదు. పదేళ్ల కిందటి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కూడా ఇంతకన్నా చాలా ఎక్కువ ఇస్తుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉందా? అయితే మీ సిస్టమ్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ లేనట్టే. విండోస్ కొత్తగా వేసినప్పుడు సరైన డ్రైవర్ దొరకకపోతే, బొమ్మ కనపడితే చాలని పెట్టుకునే స్టెప్నీ టైరు అది. దాంతో రిజల్యూషన్ మార్చుకోవడానికి ఉండదు, రెండో మానిటర్ కూడా రాదు.

నెట్ కనెక్ట్ చేసి విండోస్ అప్‌డేట్ ఒకసారి నడపండి. చాలామందికి అక్కడే అయిపోతుంది. అవ్వకపోతే డెల్, హెచ్‌పీ, లెనోవో, మీది ఏ కంపెనీదైతే ఆ కంపెనీ సపోర్ట్ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి డ్రైవర్ తీసుకోండి. నేరుగా ఇంటెల్ సైట్ నుంచి తెచ్చి వేస్తే, ముఖ్యంగా ల్యాప్‌టాప్‌లలో, 'ఈ డ్రైవర్ ఈ కంప్యూటర్‌కి సరిచూసింది కాదు, తయారీదారు దగ్గర తీసుకోండి' అనే అర్థం వచ్చే మెసేజ్ ఒక్కోసారి వస్తుంది. కంగారు పడకండి, మెషిన్ పాడైపోలేదు. ఆ మెసేజ్ చెప్పినట్టే చేస్తే సరిపోతుంది.

డివైస్ మేనేజర్‌లో ఇంటెల్ పేరు సరిగ్గానే ఉంది, అయినా 1024 దాటట్లేదు. అప్పుడేంటి? ప్రతి మానిటర్‌లోనూ ఈడీఐడీ అని ఒక చిన్న సమాచారం ఉంటుంది. మామూలుగా 128 బైట్లు, అంతే. 'నేను ఫలానా మోడల్‌ని, నా రిజల్యూషన్ ఇంత' అని మానిటర్ అదే కేబుల్ మీదుగా కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది. ఆ మాట చేరకపోతే డ్రైవర్‌కి అవతల ఏముందో తెలియదు. తెలియనప్పుడు రిస్క్ తీసుకోకుండా తక్కువ రిజల్యూషన్‌లో ఉండిపోతుంది. వీజీఏ కేబుల్‌లో ఈ మాట 12, 15 నంబర్ల పిన్నుల మీద వెళ్తుంది. ఆ పిన్ వంగినా, తుప్పు పట్టినా, చవక కేబుల్‌లో అసలు వైరే లేకపోయినా బొమ్మ మాత్రం వస్తుంది, రిజల్యూషన్ రాదు. మధ్యలో స్ప్లిటర్ పెట్టినా కొన్నిసార్లు ఇదే తంతు. స్ప్లిటర్ తీసేసి, వేరే కేబుల్‌తో ఒకసారి చూడండి. పక్కింట్లో అడిగి తెచ్చుకున్నా సరే, పరీక్షకి సరిపోతుంది.

1920×1080 లేదా 1920×1200 దగ్గర ఆగితే

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. డ్రైవర్ ఉంది, మానిటర్ మాట కూడా వినపడింది. చాలనిది దారి వెడల్పు. దీన్ని పిక్సెల్ క్లాక్‌తో కొలుస్తారు. అంటే సెకనుకి ఎన్ని పిక్సెళ్లు పంపగలదు అని.

1920×1080ని సెకనుకి 60 సార్లు పంపడానికి, మధ్యలో ఉండే ఖాళీ సమయంతో కలిపి, 148.5 మెగాహెర్ట్జ్ కావాలి. మన లెక్కలో 14 కోట్ల 85 లక్షల పిక్సెళ్లు. 2560×1440కి 60 సార్లంటే 241.5 మెగాహెర్ట్జ్. ఇప్పుడు అవతలి వైపు చూడండి. ఇంటెల్ 2వ, 3వ జనరేషన్ ప్రాసెసర్లలో హెచ్‌డీఎంఐ దారి 225 మెగాహెర్ట్జ్ వరకే. కావాల్సింది 241.5, ఉన్నది 225. కొంచెంలో తప్పిపోయింది! ఇంటెల్ కూడా 3వ జనరేషన్‌కి హెచ్‌డీఎంఐ మీద 1920×1200 వరకే అని చెప్పింది. 4వ జనరేషన్ నుంచి అది 300కి పెరిగింది, కాబట్టి 1440 హాయిగా పడుతుంది.

మీది ఏ జనరేషనో ఎలా తెలుస్తుందంటే, ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5-3470 అంటే 3వది, ఐ5-4570 అంటే 4వది, ఐ5-6500 అంటే 6వది. వెనక ఐదు అంకెలుంటే, ఐ5-10400 లాగా, మొదటి రెండూ కలిపి 10.

మరి 3వ జనరేషన్ వాళ్లు కార్డు కొనాల్సిందేనా? ఆగండి. మీ సిస్టమ్ వెనక్కి ఒకసారి తొంగి చూడండి. 2012 నాటి డెల్ ఆప్టిప్లెక్స్ 7010 తీసుకుంటే, దాని వెనక ఒక వీజీఏ, రెండు డిస్‌ప్లే పోర్ట్‌లు ఉంటాయి, హెచ్‌డీఎంఐ ఉండదు. ఆ డిస్‌ప్లే పోర్ట్ 2560×1600 వరకు 60 హెర్ట్జ్‌తో ఇస్తుంది. అంటే మీకు కావాల్సిన దారి ఎప్పటినుంచో అక్కడే ఉంది! మనవాళ్లు ఏం చేస్తారంటే, దానికి చిన్న హెచ్‌డీఎంఐ అడాప్టర్ తగిలించి మానిటర్‌కి ఇస్తారు. ఆ చవక అడాప్టర్ పెట్టగానే డిస్‌ప్లే పోర్ట్ కూడా హెచ్‌డీఎంఐ లాగే మాట్లాడటం మొదలుపెడుతుంది, ఆ హద్దులే దీనికీ వచ్చేస్తాయి. పైగా మొదటి రకం అడాప్టర్లు 165 మెగాహెర్ట్జ్ దాటవు. అందుకే 4వ, 6వ జనరేషన్ సిస్టమ్‌లో కూడా 1200 దాటకపోతే ముందు అనుమానించాల్సింది అడాప్టర్‌ని.

మందు తేలికే. మానిటర్‌కి డిస్‌ప్లే పోర్ట్ ఉంటే, రెండు వైపులా డిస్‌ప్లే పోర్ట్ ఉన్న కేబుల్ తెచ్చుకోండి. అడాప్టర్ పక్కన పడేయండి. ఆయ్, అంతేనండి. వీజీఏ కేబుల్ మీద మాత్రం 2కే ఆశ పెట్టుకోకండి.

మీ సిస్టమ్‌కి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది, 3వ జనరేషన్ ల్యాప్‌టాప్ అనుకోండి. దానికీ ఒక ఉపాయం ఉంది. 60 హెర్ట్జ్ బదులు 55 అడిగితే పిక్సెల్ క్లాక్ 221 దగ్గరికి దిగుతుంది, అది 225 లోపే కదా. ఇంటెల్ గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో కస్టమ్ రిజల్యూషన్స్‌కి వెళ్లి 2560, 1440, 55 ఇచ్చి, టైమింగ్ దగ్గర సీవీటీ-ఆర్‌బీ ఎంచుకోండి. బ్యాండ్‌విడ్త్ మించిపోయిందని మెసేజ్ వస్తే 50తో ప్రయత్నించండి. అన్ని మానిటర్లూ దీన్ని ఒప్పుకోవు. స్క్రీన్ నల్లగా అయిపోతే ఏమీ ముట్టుకోకుండా 15 సెకన్లు ఆగండి, విండోస్ పాత సెట్టింగ్‌కి తిరిగి వచ్చేస్తుంది.

4కే వస్తోంది, కానీ మౌస్ ఈడుస్తున్నట్టు ఉంటే

43 అంగుళాల టీవీని మానిటర్‌గా పెట్టుకున్నవాళ్లకి ఇది బాగా తెలుసు. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేట్ చూడండి. 30 హెర్ట్జ్ అని ఉంటే మీది పాత హెచ్‌డీఎంఐ 1.4 దారి. 4కే 30కి 297 మెగాహెర్ట్జ్ చాలు, 60కి దానికి రెట్టింపు, 594 కావాలి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో నేరుగా హెచ్‌డీఎంఐ 2.0 వచ్చింది 11వ జనరేషన్‌తో. అంతకు ముందు కొన్ని బోర్డుల మీద విడిగా చిప్ పెట్టి ఇచ్చారు, అన్నిటికీ కాదు.

కానీ 6వ జనరేషన్ ఐ5 డిస్‌ప్లే పోర్ట్ మీద 4కే 60 ఇస్తుంది. టీవీకి డిస్‌ప్లే పోర్ట్ ఉండదు కాబట్టి, ఇక్కడ డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ 2.0కి మార్చే యాక్టివ్ అడాప్టర్ కావాలి. కొనేటప్పుడు 'యాక్టివ్', '4కే 60' అనే రెండు మాటలూ ఉన్నాయో లేదో చూడండి. ఇంకోటి, టీవీలో కూడా ఒక తాళం ఉంటుంది. సామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్ అని ఉంటుంది. మీరు వాడే పోర్ట్‌కి అది ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు ఒక అపోహ. 'డెడికేటెడ్ వీడియో మెమరీ 128 ఎంబీయే చూపిస్తోంది, అందుకే రిజల్యూషన్ రావట్లేదు' అంటారు. లెక్క వేద్దాం. 4కే స్క్రీన్ ఒక్క ఫ్రేమ్‌కి పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున సుమారు 33 ఎంబీ పడుతుంది. 1440కి 15 ఎంబీ కూడా కాదు. పైగా ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అవసరమైతే మామూలు ర్యామ్‌లోంచి తీసుకుంటుంది. కాబట్టి రిజల్యూషన్ కోసం ర్యామ్ పెంచమంటే నమ్మకండి. పని వేగం కోసమైతే అది వేరే సంగతి.

మరి కార్డు నిజంగా ఎప్పుడు కావాలి? పోర్ట్‌ల కంటే ఎక్కువ మానిటర్లు పెట్టుకోవాలంటే కావాలి. 4కే వీడియో ఎడిటింగ్ చేస్తుంటే కావాలి. 3వ జనరేషన్ మీద 4కే 60 కావాలన్నా వేరే దారి లేదు. అయితే అక్కడ ఇంకో ఆలోచన చేయండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ జనరేషన్ నుంచే. అంత పాత మెషిన్ మీద కార్డుకి డబ్బు పోసేకంటే, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి 8వ జనరేషన్ సిస్టమ్ తీసుకోవడం మేలు. చిన్న కేబినెట్‌లో ప్రతి కార్డూ పట్టదు కూడా.

సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొనడానికి వెళ్తే షాపులోనే మూడు చూడండి: ప్రాసెసర్ పేరులో జనరేషన్, వెనక డిస్‌ప్లే పోర్ట్ ఉందా, డివైస్ మేనేజర్‌లో ఇంటెల్ పేరు ఉందా. ఐదు నిమిషాల పని. ఇప్పటికే కొనేసి ఉంటే, ఏ అంకె దగ్గర ఆగిందో కాగితం మీద రాసుకుని, ఖర్చు లేనివి ముందు ప్రయత్నించండి: మొదట డ్రైవర్, తర్వాత అడిగి తెచ్చిన కేబుల్, ఆ తర్వాత ఇంకో పోర్ట్. ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే అప్పుడు కార్డు మాట. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.