కొళాయి దాకా నీరు వచ్చే దారి

నీరే ప్రాణాధారమని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. ఆ నీరు ఏ దారిన మన కొళాయి దాకా వస్తుందో మాత్రం ఆలోచించలేదు. ఇంటర్ చదివే రోజుల్లో మేమున్న హాస్టల్లో వరుసగా కొందరికి పచ్చకామెర్లు వచ్చాయి. ఇద్దరు తమ్ముళ్ళు ఆ ఏడాది పరీక్షలు రాయలేకపోయారు. చూడడానికి నీళ్ళు తేటగానే ఉండేవి. చివరికి ప్లంబరు వచ్చి తవ్వించి చూస్తే, మురుగు కాలువ కిందుగా పోయే ఇనుప పైపుకు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. వాటిమీద ఎవరో సైకిల్ ట్యూబు చుట్టి వదిలేశారు. అప్పటి నుంచి అడిగి, చూసి, చదివి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

చిల్లు పడితే నీరు బయటికి కారాలి గాని, మురుగు లోపలికి ఎలా వస్తుంది? నీళ్ళు వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కనుక బయటికే కారుతుంది. కట్టేశాక ఒత్తిడి పడిపోయి, పైపు చుట్టూ ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుంది. కొళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు మరీ ఎక్కువ. మోటారు పెట్టవద్దని చెప్పేది ఇందుకే.

మన డెల్టాలో ఇనుప పైపులకు మరో శత్రువు ఉప్పు. రాజమండ్రి దాటి రాజోలు, నరసాపురం వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారబట్టే తీపి నీరు పల్లెలకు అందింది. వేసవిలో కాలువలు కట్టేసేముందు చెరువులు నింపుకుని ఆ నీరే తాగుతాం. వాడకానికి బోరు నీళ్ళే గతి. జి.ఐ. పైపు అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు. ఉప్పునీరు ముందు పూతను, తరువాత ఇనుమును తినేస్తుంది. లోపల గార కట్టి, నీరు పోయే సందు కూడా ఇరుకవుతుంది.

ఇలాంటి పైపు మార్చేటప్పుడు చన్నీళ్ళకు పి.వి.సి., గీజరు నీళ్ళకు సి.పి.వి.సి. వాడతారు. వేడికి మామూలు పి.వి.సి. మెత్తబడుతుంది. కొనేటప్పుడు పి.వి.సి. మీద ఐ.ఎస్. 4985, సి.పి.వి.సి. మీద ఐ.ఎస్. 15778 అని ముద్ర ఉందేమో చూడాలి. పి.వి.సి. పైపుల్లో సీసం వాడకంపై 2021లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు కూడా తెచ్చింది.

అతికే పని తేలికలాగే కనిపిస్తుంది. పైపును నిటారుగా కోయాలి. అంచు నునుపు చేసి, తడి తుడిచి, రెండు వైపులా సొల్యూషన్ రాసి, కొంచెం తిప్పుతూ నెట్టి కాసేపు పట్టుకోవాలి. డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. గోడ పూడ్చకముందే చివరలు మూసి, ఒత్తిడితో నీరు నింపి, ప్రతి అతుకూ పరీక్షించాలి. ఇది మానేస్తే రేపు గోడే పగలగొట్టాలి. మంచినీటి పైపును మురుగు కాలువకు దూరంగా, దాటక తప్పకపోతే దానికి పైగా వేయాలి. చివరగా బ్లీచింగు నీటిని పైపుల్లో ఒక రోజు నిలవ ఉంచి, శుభ్రంగా కడిగి వదలాలి.

హాస్టళ్ళు, లాడ్జీలు, కల్యాణ మండపాల లెక్క వేరు. అక్కడ ఒకేసారి పది కొళాయిలు తిప్పుతారు. అంగుళం పైపులో నీరు పారే చోటు అర అంగుళం పైపుకు సుమారు నాలుగు రెట్లు. అందుకే ట్యాంకు నుంచి దిగే పైపు పెద్దదిగా ఉండాలి. పై అంతస్తు ట్యాంకుకు దగ్గర కనుక అక్కడ ధార సన్నం. ప్రతి అంతస్తుకూ వేరే వాల్వు ఉంటే, ఒకచోట చెడినా భవనమంతా నీళ్ళు ఆపనక్కరలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. పైపుల కోసం గోతులు తవ్వే పని మా పెద్దలకు కొత్త కాదు. ఆ గోతిలో ఏం వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో అడగగలగడమే మాకు చదువు ఇచ్చింది. మీ హాస్టల్లో కొళాయి నీరు వాసన వస్తే, రంగు మారితే, పైపు మురుగులోంచి పోతుంటే ఊరుకోవద్దు. వార్డెనుగారికి రాతపూర్వకంగా చెప్పండి. బాగుచేసేదాకా నీళ్ళు కాచి తాగండి. ఏ తమ్ముడికీ పైపు చిల్లు వల్ల పరీక్ష పోకూడదు.